నిండుకొన్న వెంటనే నిండెడి కార్డు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ప్రసంగపాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు పూర్తియైన ఈ శుభసమయమున నన్నుకూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను పండితుడను కాను. ముప్పది యేండ్లు బస్సు కండక్టరుగా టిక్కెట్లు కొట్టి, చిల్లరకై ప్రయాణికులతో వాదులాడి, విశ్రాంతి పొందినవాడను. కావున నాకు కొంత తెలిసిన టిక్కెట్టు విషయమునే ఎత్తుకొందును.

మన యిండ్లలో బియ్యపు డబ్బా ఖాళీయైనచో ఇల్లాలు ‘బియ్యము లేవు’ అనదు, ‘నిండుకొన్నవి’ అనును. లేమిని నోట పలుకరాదని పెద్దలు పెట్టిన మర్యాద అది. నేడు నగరములలో ఆ మాటను అక్షరాల నిజము చేయు కార్డొకటి వాడుకలో నున్నది. అందలి సొమ్ము నిండుకొన్న వెంటనే, మన ప్రమేయము లేకయే మన బ్యాంకు ఖాతానుండి సొమ్ము తెచ్చుకొని, అది నిజముగానే నిండును. బస్సునకు, రైలునకు ఛార్జీ చెల్లించు ఈ కార్డును గూర్చియే నేటి నా ప్రసంగము. మన పిల్లలు చదువులకును, కొలువులకును నగరములకు పోవుచున్నారు గనుక ఇది మనకు దూరపు సంగతి కాదు.

మొదట నా అనుభవ మొకటి మనవి చేయుదును. బస్సు నిండ జనము. ఛార్జీ 17 రూపాయలు. ఒక ముదుసలి ఇరువది రూపాయల నోటు ఇచ్చినది. నా సంచిలో మూడు రూపాయల చిల్లర లేదు. టిక్కెట్టు వెనుక 3 అని వ్రాసి, దిగునప్పుడు తీసికొమ్మని చెప్పితిని. ఇది మా వృత్తివారందరికి అలవాటే. ఆమె తొందరలో దిగిపోయినది, నేనును మరచితిని. మరుసటి వారము సంతనాడు ఆమె మరల బస్సెక్కి, చీరకొంగు ముడి విప్పి, నాలుగు మడతలుగా మడిచిన ఆ టిక్కెట్టు తీసి, “నాయనా, నువ్వు నాకు మూడు రూపాయలు బాకీ” అన్నది. సిగ్గుపడి చెల్లించితిని. ఆమెకు చదువు రాదు. అయినను తన ధనమెంతయో, అది ఎవరియొద్ద నున్నదో ఆమెకు తెలియును. ఆ కొంగుముడిని మనసునం దుంచుకొని తక్కిన సంగతి వినుడు.

చిల్లర బాధ మన కొక్కరికే కలిగినది కాదు. హాంకాంగు నగరమున బస్సెక్కువారు సరిపోవు నాణెములను డ్రైవరు ప్రక్కనున్న పెట్టెలో వేయవలెను. ఎక్కువ వేసినచో చిల్లర తిరిగి రాదు. అచటి రైళ్లలో 1984 నుండియే ముందుగా సొమ్ము నింపిన అయస్కాంతపు పట్టీ టిక్కెట్టు ఉండెడిది. కాని రైలునకు, బస్సునకు, పడవకు ఒకే టిక్కెట్టు ఉండవలెనను కోరికతో అచటి అయిదు రవాణా సంస్థలు 1994లో కలిసి ఒక ఉమ్మడి కంపెనీని నెలకొల్పినవి. ఆ కంపెనీ 1997 సెప్టెంబరు 1వ తేదీన ‘ఆక్టోపస్’ అను కార్డును ప్రజలకు అందించెను. ఆక్టోపస్ ఎనిమిది చేతుల సముద్రజీవి. చీనా భాషలో ఆ కార్డునకున్న పేరులోను ఎనిమిది అను అంకె యున్నది. అన్ని దిక్కులకు చేర్చునది అని దాని భావము. అప్పటికి ఆ నగర జనాభా సుమారు 65 లక్షలు. మొదటి మూడు నెలలలోనే 30 లక్షల కార్డులు పంపిణీ అయినవి! చిల్లర బాధ ఎంతటిదో ఆ అంకెయే చెప్పుచున్నది.

ఆ కార్డు పనిచేయు విధము వింతగా నుండును. దానిలో బ్యాటరీ లేదు. ప్లాస్టిక్కు పొరల నడుమ సన్నని తీగచుట్టయు, గోటికంటె చిన్నదైన చిప్పును ఉండును. గేటునొద్దనున్న యంత్రము నిరంతరము రేడియో తరంగములను వెలువరించును. కార్డును ఆ యంత్రమునకు కొలది అంగుళముల దూరములోనికి తెచ్చినచో, ఆ తరంగముల వలననే తీగచుట్టలో విద్యుత్తు పుట్టి చిప్పు మేల్కొనును. అది రహస్యలిపిలో తన నిలువ తెలుపును. యంత్రము ఛార్జీ తీసివేసి క్రొత్త నిలువను వ్రాయును. సెకనులో సుమారు మూడవ వంతు కాలములో ఇదంతయు ముగియును. నిలువ కార్డునందే వ్రాయబడి యుండును గనుక బస్సులోని యంత్రము ప్రతి ప్రయాణికునికై బ్యాంకును సంప్రదింప నక్కరలేదు. ఆనాటి లెక్కలన్నియు పిమ్మట కేంద్రమునకు చేరును.

ఇక తనంతట నిండుట యెట్లు? కార్డుదారుడు ముందుగా బ్యాంకు ద్వారా ఒక అనుమతిపత్రము ఇచ్చును. ‘నా కార్డులో నిలువ చాలనప్పుడు ఇంత మొత్తము చేర్చి, నా ఖాతానుండి రాబట్టుకొనుడు’ అని దాని సారాంశము. హాంకాంగులో ఈ మొత్తము 250, 500 డాలర్లు మొదలగు విధముల నుండును. అవి హాంకాంగు డాలర్లని గ్రహింపుడు. నిలువ తరిగిన కార్డును గేటునొద్ద చూపగానే, ఆ యంత్రమే క్రొత్త సొమ్మును కార్డులో వ్రాసి ద్వారము తెరచును. కార్డు ముందు నిండును; బ్యాంకునుండి సొమ్ము తరువాత కదలును. ఆ అనుమతి ఈయని సాధారణపు కార్డునకును కొంత వెసులుబాటున్నది. కార్డు తీసికొనునప్పుడు 50 డాలర్ల ధరావతు చెల్లింతురు. ఆ ధరావతు అండగా, నిలువ కొంచెము చాలకున్నను ఆ ఒక్క ప్రయాణమునకు అడ్డు చెప్పరు. మన గ్రంథాలయమున చేరునప్పుడు మనము ధరావతు చెల్లించుటయు, ఆ నమ్మకముపై పుస్తకము ఇంటికిచ్చుటయు ఇట్టిదే గదా!

దీనివలని మేలును నేను తక్కువ చేసి చెప్పను. ఉదయము పనికి పోవువాడు కిటికీయొద్ద వరుసలో నిలువనక్కరలేదు. చంటిబిడ్డను ఎత్తుకొన్న తల్లి సంచి వెదకుకొన నక్కరలేదు. కండక్టరునకు చిల్లర తగవు లేదు. ముప్పది యేండ్లలో నా గొంతు ఎంత అరిగినదో నాకు తెలియును. ఈ కార్డు నాడే యుండినచో అది కొంత మిగిలెడిది.

కాని మేలునకు వెల యున్నది. మా మేనల్లుడొకడు ఒక నగరమున కావలివాని కొలువు చేయుచున్నాడు. వాని ప్రయాణపు కార్డు, నిలువ 100 రూపాయలకు తగ్గగానే ఖాతానుండి 300 రూపాయలు తెచ్చుకొనునట్లు ఏర్పాటు చేసికొనెను. ఒక నెలాఖరున ఖాతాలో 1,100 రూపాయలు మిగిలినవి. అందు 1,000 రూపాయలు మరునాడు కట్టవలసిన చీటీకి. సాయంకాలము ఇంటికి పోవుచు గేటునొద్ద కార్డు చూపెను, కార్డు నిండినది, ఖాతాలో 800 మిగిలినవి. చీటీకి 200 తక్కువైనది. అపరాధ రుసుముతోబాటు నలుగురిలో మాట పడవలసి వచ్చినది. వాడు నాతో, “మామయ్యా, డబ్బూ నాదే, కార్డూ నాదే, కాని చీటీవాడు కార్డు తీసుకోడు గదా!” అన్నాడు.

ఇందు ఎవరును మోసము చేయలేదు. కార్డు వాడిచ్చిన అనుమతినే పాటించినది. అయితే కొంగుముడిని ముదుసలి తన చేతితో విప్పినది. మా వాని ముడిని యంత్రము విప్పినది. నెలజీతము సమృద్ధిగా గలవానికి ఈ భేదము లెక్కలోనిది కాదు. రూపాయి రూపాయికి ముందే పని నిర్ణయమైయున్న పేదవానికి, సొమ్ము ఎంత కదిలినదన్నదే కాదు, ఏనాడు కదిలినదన్నదియు ముఖ్యమే.

యంత్రము పొరబడుటయు కలదు. హాంకాంగులో రైలు స్టేషనులందలి యంత్రములయొద్ద బ్యాంకు కార్డుతో సొమ్ము నింపుకొను పద్ధతి యొకటి ఉండెడిది. ఇది తనంతట నిండునది కాదు, మనము నింపుకొనునది. నింపుదల రద్దయినను కొందరి ఖాతాలనుండి సొమ్ము పోయినదని 2007లో బయటపడినది. లెక్కలు తీయగా, 2000వ సంవత్సరమునుండి 15,270 పర్యాయములు ఇట్లు జరిగినదనియు, మొత్తము 37 లక్షల హాంకాంగు డాలర్లనియు తేలినది. కంపెనీ ఆ సొమ్ము తిరిగి చెల్లింప పూనుకొని, ఆ పద్ధతిని మానుకొనెను. ఏడేండ్లు ఎవరికిని తెలియకుండుటయే ఇందు విచారింపదగిన విషయము. ప్రతివాడును తన లెక్కను తాను చూచుకొనియుండినచో ఇంత కాలము సాగెడిదా?

మరియొక సంగతి. హాంకాంగులో నగదుతో నింపుకొను సాధారణపు కార్డునకు పేరు చెప్పనక్కరలేదు. తనంతట నిండు కార్డునకో, ఖాతా ఎవరిదో తెలియవలెను గనుక పేరు తప్పదు. పేరున్నచోట, మన మెక్కడ ఎక్కితిమో ఎక్కడ దిగితిమో ఆ జాడయు మన పేరుతో జతపడగలదు. ఆ నగరముననే ఆ కార్డుతో ముడిపడిన బహుమానపథకమున చేరిన సుమారు 19 లక్షల 70 వేల మంది వివరములను ఇతర కంపెనీలకు విక్రయించినట్లు 2010లో వెల్లడియై, ప్రజలలో గొప్ప అలజడి పుట్టినది.

ఇప్పుడు మన దేశమునకు వత్తము. హైదరాబాదు మెట్రోరైలు 2017 నవంబరులో ప్రారంభమైనది. అందును చూపి నడచు కార్డు కలదు. అన్ని నగరములలోను ఒకే కార్డు చెల్లవలెనను ఆశయముతో జాతీయ ఉమ్మడి ప్రయాణకార్డును 2019 మార్చి 4వ తేదీన అహమ్మదాబాదులో ప్రారంభించిరి. మన ఊరి లారీలవారికి, కార్లవారికి తెలిసిన ఫాస్టాగు దీని దాయాదియే. జాతీయ రహదారుల టోలుగేట్లయొద్ద అది 2021 ఫిబ్రవరి 15వ తేదీ అర్ధరాత్రినుండి తప్పనిసరి యైనది.

ఈ విధముగా మాటిమాటికి ఖాతానుండి తనంతట సొమ్ము తీయుటకు, కనీసము 24 గంటల ముందు ఖాతాదారునకు తెలుపవలెనని రిజర్వుబ్యాంకు నియమము. కాని ప్రయాణపు కార్డు ఏ గడియలో నిండుకొనునో ముందుగా ఎవరు చెప్పగలరు? అందుచే 2024 ఆగష్టు 22వ తేదీన రిజర్వుబ్యాంకు ఫాస్టాగునకును, ఉమ్మడి ప్రయాణకార్డునకును సడలింపు నిచ్చెను. ఖాతాదారుడు నిర్ణయించిన మట్టమునకు నిలువ తగ్గినప్పుడు జరుగు నింపుదలకు ముందస్తు తెలియజేత అక్కరలేదు. మొదట అనుమతి యిచ్చునప్పుడు మాత్రము అది మనమే యని ధ్రువపరుపవలెను. ఇచ్చిన అనుమతిని ఎప్పుడైనను ఉపసంహరించుకొను హక్కు మనకు కలదు. అనగా ముందు తట్టి లేపువాడు లేడు. మనమే మేలుకొని యుండవలెను.

కావున కార్డు వాడు మన పిల్లలకు మూడు మాటలు చెప్పదలచితిని. మొదటిది: నింపుదల మొత్తము చిన్నదిగా ఎంచుకొనుడు, కూలిడబ్బుపై, నెలజీతముపై బ్రదుకువారు ఈ ఏర్పాటు మాని, జీతమునాడు తమ చేతితోనే నింపుకొనుట మేలు. రెండవది: కార్డు పోయినచో ఆ గడియలోనే తెలియజేసి నిలుపుదల చేయించుడు. అనుమతి యున్న కార్డు పోవుట, సొమ్ము ఊరెడు చెలమ పరుల పాలగుటయే. మూడవది: నెలకొకసారి ఖాతా లెక్కను ప్రయాణముల లెక్కతో సరిచూచుకొనుడు.

రవాణా నడుపు పెద్దలకును ఒక మనవి. కార్డు ఎంత ప్రబలినను నాణెము పుచ్చుకొను కిటికీని మూయకుడు. ఖాతా లేనివాడు, కార్డు లేనివాడు, కొంగుముడి తప్ప వేరు సంచి యెరుగని ముదుసలి, వీరును ప్రయాణికులే. వారు బస్సు మెట్టుకడ ఆగిపోయినచో, మిగిలినవారు అరసెకనులో ఎక్కుట గొప్ప యేమి?

చివరగా కార్యవర్గమువారికి నా విన్నపము. ఈ గ్రంథాలయమున ఇరువదియైదేండ్లుగా పుస్తకము ఇచ్చినప్పుడెల్ల మన కన్నుల యెదుటనే రిజిస్టరులో వ్రాసి, మనచే సంతకము చేయించుచున్నారు. ఎవరికి ఏమి ఇచ్చిరో, ఎవరు ఏమి బాకీయో దాచుట లేదు. ఆ పద్ధతియే నేటి కార్డులకును కావలసినది. నెలకొక సాయంకాలము చదువు వచ్చిన యువకు లిచట కూర్చుండి, బ్యాంకు లెక్కలు, కార్డు లెక్కలు చదువలేని వారికి చదివి చెప్పునట్లు ఏర్పాటు చేయుడు. పుస్తకము చదువ నేర్పిన ఇల్లు, లెక్క చదువుటయు నేర్పగలదు. మొదటి సాయంకాలమునకు నేను వత్తును, కళ్లజోడు తెచ్చుకొందును.

యంత్రము మన సంచిని నింపుగాక. ముడి మాత్రము మన చేతిలో నుండుగాక! మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుగాక!