గోధుమ లేని మెత్తని రొట్టె



టాటానగరమునందలి తెలుగువారి యిండ్లకు గోధుమ క్రొత్తది కాదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి ఉక్కు కర్మాగారమునకును, రైలు కొలువునకును వచ్చిన కుటుంబములు ఇరుగుపొరుగువారితోపాటు చపాతిని, లిట్టిని, పావురొట్టెను అలవరచుకొన్నవి. ఇది మంచిదే. కాని యొక యింట ఒక బిడ్డకు సీలియాక్ వ్యాధి యున్నదని వైద్యుడు నిర్ణయించిననాడు ఆ వంటయిల్లంతయు మారవలసివచ్చును. తోబుట్టువులు రొట్టె తినుచుండగా ఆ బిడ్డ చేతిలో తల్లి యేమి పెట్టవలెను? ఇదియే నేటి ప్రసంగవిషయము.

ఈ వ్యాధి గలవారికి గోధుమ, యవలు, రై ధాన్యములలోని గ్లూటెన్ అను మాంసకృత్తు చిన్నప్రేగు లోపొరను చెరచును. తిన్నది ఒంటబట్టదు, బిడ్డ యెదుగడు, రక్తము తగ్గును. 1944–45 శీతకాలమున హాలెండునందు కరవు వచ్చి గోధుమ కరవైనప్పుడు ఇట్టి పిల్లలు తేరుకొనిరి. రొట్టె మరల రాగానే జబ్బు తిరుగబెట్టెను. అంతకుముందే గోధుమను అనుమానించిన డచ్చి వైద్యుడు విలెం డిక్కె 1950లో తన సిద్ధాంతవ్యాసమున ఈ సంగతిని స్థాపించెను. దీనికి నేటికిని ఆహారనియమమే చికిత్స.

కట్టడమునకు ఉక్కుచట్ర మెట్టిదో రొట్టెకు గ్లూటెన్ అట్టిది. ఈస్టు పుట్టించు బొగ్గుపులుసు వాయువును అది సాగి పట్టియుంచును. అది లేక వట్టి బియ్యపుపిండితో కాల్చినచో గాలి తప్పించుకొనిపోవును, మిగులునది ఇటుక.

తెలుగు వంటయిల్లు ఈ చిక్కును ఏనాడో విడదీసినది. మినపపప్పును రుబ్బగా వచ్చు జిగురును, అందలి మాంసకృత్తులును కలిసి గాలిబుడగలను నిలుపును. ఇడ్లీపిండిలో ఆ గాలిని ముఖ్యముగా పుట్టించునది ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అను సూక్ష్మజీవియని శాస్త్రజ్ఞులు 1965లో ప్రకటించిరి. ఒక పాలు మినపపప్పును నాలుగు గంటలు నానవేసి, నీరు పొదుపుగా చిలుకరించుచు నురుగువలె రుబ్బి, కడిగి పిండిన రెండు పాళ్ల బియ్యపురవ్వను కలిపి, రాత్రియంతయు పులియనీయవలెను. మరునాడు దళసరి మూకుడులో నూనె వేసి, పిండిని రెండంగుళముల మందమున పోసి, మూతపెట్టి, సన్నని సెగపై తాపీగా రెండువైపులను కాల్చినచో దిబ్బరొట్టె సిద్ధము. పైన కరకర; లోపల దూది. టాటానగరపు పుష్యమాసపు చలిలో పిండి త్వరగా పొంగదు. గిన్నెకు కంబళి చుట్టి వెచ్చనిచోట నుంచి, గడియారమును గాక పొంగును చూచి కాల్చవలెను.

బడికి ముక్కలు కోసిన రొట్టెయే కావలెనను బిడ్డకు మరియొక మార్గము కలదు. 300 గ్రాముల బియ్యపుపిండి, 100 గ్రాముల సగ్గుబియ్యపుపిండి, 7 గ్రాముల ఎండు ఈస్టు, చెంచా చొప్పున ఉప్పు, పంచదార, రెండు పెద్దచెంచాల నూనె తీసికొనవలెను. 20 గ్రాముల ఇసబ్గోలు పొట్టును సుమారు 400 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీట నానవేసి వీనితో కలుపవలెను. మినపజిగురు చేయు పనిని ఇచ్చట ఆ పొట్టు చేయును. ముద్ద గారెలపిండివలె మెత్తగా నుండవలెను. నూనె రాచిన డబ్బాలో ఒక్కసారి మాత్రమే పొంగనిచ్చి, 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో సుమారు గంటసేపు కాల్చవలెను. పూర్తిగా చల్లారకముందు కోసినచో లోపల బంకగా నుండును.

అయితే రొట్టె మెత్తనగుట ఒకయెత్తు, నియమము చెడకుండుట ఒకయెత్తు. బజారు ఇంగువలో తరచుగా గోధుమపిండి కలిసియుండును. గోధుమలు ఆడించిన మరలో బియ్యము ఆడించినచో ఆ పిండి యిందు చేరును. బొంబాయి రవ్వ గోధుమదే. బియ్యము, చోళ్లు, జొన్నలు స్వభావముచేత నిరపాయములు; వానిని ఇంటనే విసరుకొనుట మేలు. మరియొక హెచ్చరిక: అనుమానముతో ముందుగనే గోధుమ మానరాదు. మానినపిమ్మట చేయు రక్తపరీక్షలో రోగము కనబడకపోవచ్చును.

పంక్తిలో ఒకరికి వేరు విస్తరి వేయుట తెలుగువారికి మనసొప్పని పని. బిడ్డకు వేరుగా వండిపెట్టినచో వాడు రోగి యగును. ఇంటిల్లిపాదియు ఒకే మూకుటిలోని రొట్టెను పంచుకొన్నచో వాడు బిడ్డగానే యుండును. దిబ్బరొట్టె విలువ ఇందున్నది.