బయటివారి ప్యాచ్, లోపలివారి బాధ్యత



2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి ప్రపంచమంతా వార్తల్లోకెక్కింది. 'జ్ఞా' నడుమ కంటికి కనపడని సంకేతం ఒకటి చేరిస్తే, దాన్ని చూపబోయిన ఐఫోన్ ఆప్ ఠక్కున మూతపడేది. తెలుగు తెలిసిన ప్రోగ్రామర్లు ఎందరున్నా ఆపిల్ బయటపెట్టని ఆ కోడ్‌లో వేలు పెట్టే వీల్లేకపోయింది. ఆపిల్ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

తెలుగును ఒత్తులతో, గుణింతాలతో తెరమీద కూర్చే ఆ పనిని ఆండ్రాయిడ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. అది ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. తప్పు కనిపిస్తే మన గంగారం మండలంలోని విద్యార్థి అయినా కోడ్ సరిదిద్ది, ఆ మార్పును ప్యాచ్‌గా పంపొచ్చు. పంపగానే చేర్చుకోరు. తెలుగు, కన్నడ, దేవనాగరి లాంటి లిపులను నడిపే కోడ్ అక్కడ చాలావరకు ఉమ్మడిది. మన ఒత్తు బాగుచేయబోతే కన్నడ ఒత్తు చెడొచ్చు. అందుకే దాచి ఉంచిన పాత నమూనాలన్నీ మళ్లీ నడిపి, అవి చెడలేదని తేల్చుకుంటారు.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో పద్ధతి ఇంకా కట్టుదిట్టం. ఏ భాగం ఎవరి బాధ్యతో ఒక ఫైలులో రాసి ఉంటుంది. ప్యాచ్ వాళ్లకు చేరాలి. ఒక ప్యాచ్‌లో ఒకే మార్పు ఉండాలి, ఎందుకు చేశారో వివరం ఉండాలి. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని పేరుతో ఒప్పుకునే వరుస 2004 నుంచి తప్పనిసరి. తిప్పి పంపితే దిద్ది రెండోసారి, మూడోసారి పంపడం అక్కడ మామూలే.

ఇంత పట్టింపు ఎందుకంటే, పంపినవారు రేపు మరో పనిలో పడతారు. ఆ కోడ్‌ను ఏళ్ల తరబడి మోసేది మెయింటెయినర్లు. ఉదాహరణకు, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ ప్రాజెక్టును దాదాపు ఒంటరిగా మోస్తూ వచ్చింది ఒకే ఒక స్వచ్ఛంద మెయింటెయినర్. జియా టాన్ అన్న పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా పనికొచ్చే ప్యాచ్‌లు పంపుతూ నమ్మకం సంపాదించారు, ఆ క్రమంలోనే అందులో సహ మెయింటెయినర్ అయ్యారు. తర్వాత 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమని తవ్వితే అది బయటపడింది. కొత్తవారి ప్యాచ్‌నే కాదు, పాతవారి ప్యాచ్‌నూ చదివి చూసే కళ్లు కావాలని ఆ ఘటన నేర్పింది.

ఆ కళ్లకే ఇప్పుడు కరువు. కాబట్టి విద్యార్థులకు నా విన్నపం: మీ ప్యాచ్ పంపే ముందు ఇంకొకరి ప్యాచ్ తీసుకుని నడిపి చూడండి. తెలుగు మాటలతో, తెలుగు లిపిలో రాసిన కోయ మాటలతో పరీక్షించి, ఏం కనిపించిందో రాయండి. ఆ పరీక్ష మీకంటే బాగా చేయగలవారు తక్కువ. మెయింటెయినర్లకూ ఒక మాట: వద్దనుకున్న ప్యాచ్‌కు కూడా కారణం చెప్పండి. కారణం తెలిసిన విద్యార్థి మళ్లీ ప్రయత్నిస్తాడు. జవాబే రానివాడు ఇటువైపు మళ్లీ రాడు.