నీళ్ల లెక్క అడిగినట్టే గాలి లెక్కా అడుగుదాం

(ఆత్మకూరులో విద్యార్థులు, ఉద్యోగులు, కార్మికులు కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సోమశిల రిజర్వాయరు సామర్థ్యం ఎంత అని ఇక్కడ ఎవరిని అడిగినా 78 టీఎంసీలని చెప్తారు. ఆ అంకె మనకు బడిలో నేర్పలేదు. ఎండిపోయిన చేను గట్టు మీద కూర్చుని నేర్చుకున్నాం. సభల్లో నేర్చుకున్నాం. నీళ్ల లెక్క అడగడం మనకు వచ్చు. మరి కంకర మిల్లులో, పలుగురాయి పిండి చేసే మిల్లులో పని చేసేవాడు పీల్చే గాలిలో ఎంత సిలికా ఉందో ఎవరైనా చెప్పగలరా? ఆ లెక్క మనమెప్పుడూ అడగలేదు. ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. విలేకరిగా చేరిన కొత్తలో ఉదయగిరి వైపు ఒక పల్లె నుంచి వార్త పంపాను. 'క్షయతో కూలీ మృతి.' నాలుగే నాలుగు లైన్లు. కొన్నాళ్లకు అదే ఊరికి వేరే పని మీద పోతే అతని భార్య కనిపించింది. "టీబీ మందులు రెండుసార్లు పూర్తిగా మింగాడయ్యా, ఒక్క పూట కూడా మానలేదు, అయినా ఎందుకు తగ్గలేదు?" అని అడిగింది. అతను ఎక్కడ పని చేశాడమ్మా అని అప్పుడు అడిగాను. ఏళ్ల తరబడి పలుగురాయి మిల్లులో బస్తాలు నింపాడట. ఆ ప్రశ్న నేను మొదటి రోజే అడగాల్సింది. వైద్యం చేసినవాళ్లూ అడగలేదు, వార్త రాసిన నేనూ అడగలేదు. అతని ఊపిరితిత్తులకు అసలు ఏమైందో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. ఆ అవకాశం అతనితోపాటే మట్టిలో కలిసిపోయింది.

మన కాళ్ల కింద ఉన్నదే

నెల్లూరు అభ్రకం పేరు దేశమంతా తెలుసు. ఆ మైకా బెల్టులో గూడూరు, రాపూరులతో పాటు మన ఆత్మకూరు, కావలి ప్రాంతాలు కూడా ఉన్నాయి. అభ్రకం ఒంటరిగా దొరకదు. పలుగురాయి, ఫెల్డ్‌స్పార్‌లతో కలిసి ఉంటుంది. అభ్రకం తీసి, పనికిరాదని గుట్టలు పోసిన పలుగురాయికి తర్వాత గిరాకీ వచ్చింది. గూడూరు అవతల చిల్లకూరు, కోట తీరంలో సిలికా ఇసుక తవ్వుతారు. అది గాజు ఫ్యాక్టరీలకు, పోతపోసే ఫౌండ్రీలకు పోతుంది. పలుగురాయి అంటే దాదాపు అంతా సిలికాయే. గ్రానైటులోనూ ఉంటుంది, కంకరలోనూ ఉంటుంది.

మిల్లు దాకా ఎందుకు? మెట్టలో బోరు బండి చూడనివాళ్లు ఉన్నారా? నీళ్లు పడేదాకా తెల్లటి పిండి ఆకాశానికి లేస్తుంది. రైతు కళ్లన్నీ నీటి చెమ్మ మీదే ఉంటాయి. బండి మీద పని చేసే కుర్రాడు మాత్రం ఆ పిండిలోనే నిలబడి ఉంటాడు. రేపు ఇంకో ఊళ్లో, ఎల్లుండి ఇంకో చేలో. మన దాహం తీర్చేవాడి ఊపిరి ఎవరు చూడాలి?

కనిపించని దుమ్మే చంపేది

కనిపించే దుమ్ము ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. దగ్గితే వస్తుంది. అసలు శత్రువు కంటికి కనిపించదు. 4, 5 మైక్రాన్ల లోపు నలుసులు, అంటే తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా లేనివి, ఊపిరితిత్తుల చివరి గదుల్లోకి పోతాయి. వాటిని మింగి శుభ్రం చేయాల్సిన రక్షక కణాలు ఆ సిలికాను అరిగించుకోలేక అవే చచ్చిపోతాయి. ఆ చోట గాయమై మచ్చ కడుతుంది. మచ్చ గట్టిపడి ఊపిరితిత్తి సాగడం మానేస్తుంది. అదే సిలికోసిస్. మామూలుగా పదేళ్లు దాటాక బయటపడుతుంది. దుమ్ము మరీ ఎక్కువైతే ఐదేళ్లలోపే ప్రాణం మీదికి తెస్తుంది. పని మానేసినా జబ్బు ఆగుతుందన్న భరోసా లేదు. నయం చేసే మందు లేదు. పైగా సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ కూడా తేలిగ్గా అంటుకుంటుంది. అందుకే రెండింటినీ విడదీసి చూడాలి, రెండింటికీ పరీక్ష చేయాలి. టీబీ మందులు మాత్రం ఎవరూ మానొద్దు. సిలికా దుమ్ము క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది.

ఎంత దుమ్ము ప్రమాదం? అమెరికా 2016లో పెట్టిన నిబంధన ప్రకారం ఎనిమిది గంటల పనిలో ఘనపు మీటరు గాలికి సగటున 50 మైక్రోగ్రాములు మించకూడదు. ఒక షిఫ్టులో మనిషి సుమారు 10 ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడు. అంటే రోజుకు అర మిల్లీగ్రాము. కొన్ని ఉప్పు పలుకులంత! తువ్వాలు ముక్కుకు కట్టుకుంటే సరిపోతుందని చెప్పే మేస్త్రీని అడగండి, ఈ నలుసు తువ్వాలు నేతలో ఆగుతుందా అని.

కొత్త సంగతి కాదు

కోలారు బంగారు గనుల్లో తమిళ, తెలుగు కూలీలు రాయి తొలిచారు. 1940లలో అక్కడ పరీక్షించిన కార్మికుల్లో నూటికి 40 మందికి పైగా సిలికోసిస్ ఉందని 1947లో వైద్యులు ప్రచురించారు. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో పలక బలపాలు కోసే 593 మందిని పరీక్షిస్తే 54.6 శాతం మందికి ఈ జబ్బు ఉన్నట్టు 1985లో వెలువడిన అధ్యయనం చెప్పింది. మన పిల్లలు అక్షరాలు దిద్దే బలపం వెనక ఎవరి ఊపిరి ఉందో చూడండి. అమెరికాలో హాక్స్ నెస్ట్ సొరంగం 1930, 31లలో సిలికా రాతిని పొడిగానే తొలిస్తే కనీసం 476 మంది చనిపోయారని లెక్క. తెలియక జరిగిందనడానికి ఎవరికీ వీల్లేదు.

ఆపడం చేతకానిదా? కాదు. రాయి తొలిచేటప్పుడు నీళ్లు పట్టాలి. క్రషర్ నోటి దగ్గర నీటి జల్లు కొట్టాలి. మిల్లును, బెల్టును మూసి, దుమ్ము లేచిన చోటే పీల్చేసే గొట్టాలు పెట్టాలి. చీపురుతో ఊడ్చడం, ఒంటి మీది దుమ్మును గాలి గొట్టంతో కొట్టుకోవడం మానాలి. దుమ్ము బట్టలు ఇంటికి పోకూడదు. ఇవన్నీ చేశాక, ఇంకా మిగిలిన దుమ్ముకు సరైన మాస్కు. మాస్కు చివరి మెట్టు, మొదటిది కాదు. ఇసుకతో బ్లాస్టింగ్ చేసి పోత వస్తువులు శుభ్రం చేయడాన్ని బ్రిటన్ 1949 నిబంధనలతోనే ఆపింది. కృత్రిమ రాతి పలకల వాడకాన్ని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి నిషేధించింది. మనసుంటే జరుగుతుంది.

చట్టమూ ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే సిలికోసిస్ తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్‌లోనూ అది జాబితాలో ఉంది. నష్టపరిహారం ఇవ్వాల్సిన వృత్తి జబ్బుల్లోనూ ఉంది. అయితే విద్యుత్తుతో నడిచే చోట ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కావాల్సిన కార్మికుల సంఖ్యను కొత్త కోడ్ 10 నుంచి 20కి పెంచింది. చిన్న మిల్లులు ఆ సందులోంచి జారిపోకుండా మనం చూసుకోవాలి. గుజరాత్ మిల్లుల్లో పని చేసి చనిపోయిన 238 మంది మధ్యప్రదేశ్ కూలీల కుటుంబాలకు తలా 3 లక్షలు ఇవ్వాలని 2016 మే 4న సుప్రీంకోర్టు గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. రాజస్థాన్ 2019లో ప్రత్యేక విధానమే తెచ్చి, జబ్బు నిర్ధారణైన కార్మికుడికి 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి మరో 2 లక్షలు ప్రకటించింది. ఆ హామీ మనమూ అడగాలి.

కానీ పరిహారం రావాలంటే రుజువు కావాలి. హాజరు పట్టీలో పేరు లేని కూలీకి రుజువెక్కడిది? అందుకే విద్యార్థి మిత్రులారా, సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకుపోండి. ఎవరు, ఏ పని, ఎన్నేళ్లు, ఎప్పటి నుంచి దగ్గు, ఎక్స్‌రే తీశారా, ఇవి రాయండి. ఉద్యోగ మిత్రులారా, గాలిలో దుమ్ము కొలిచారా, ఆ కాగితం చూపండి అని సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఆ భాష మీకు వచ్చు. కార్మిక అన్నలారా, జీతం చీటీ, గుర్తింపు కార్డు, పాత ఎక్స్‌రే పారేయొద్దు. డాక్టరు అడగకపోయినా ఏ పని చేశారో మీరే చెప్పండి.

మా విలేకరులకూ ఒక మాట. చావు వార్త రాసే ముందు 'ఏం పని చేసేవాడు?' అని ఒక్క ప్రశ్న అడుగుదాం. ఆ తల్లికి నేను బాకీ ఉన్నది ఆ ఒక్క ప్రశ్నే. ఆమె భర్తకు ఆలస్యమైంది. అదే మిల్లులో ఈ రోజు బస్తా పట్టుకున్నవాడికి ఇంకా సమయం ఉంది.