నాలుగు వాట్ల చిప్పు, ఇరవై రెండు వాట్ల తోడు

దుకాణంలో బిల్లులు కొట్టడానికో, పిల్లల చదువుకో, క్లినిక్కులో రోగుల వివరాలు రాసుకోవడానికో చిన్న కంప్యూటరు కావాలనుకున్నవాళ్లు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోటికి వెళ్తే, లావుపాటి పుస్తకమంత సైజున్న పాత పెట్టెలు వరుసగా కనిపిస్తాయి. ఒకదాంట్లో 10 వాట్ల ప్రాసెసర్ అంటారు, పక్కదాంట్లో 35 వాట్లది అంటారు. కరెంటు బిల్లు గుర్తొచ్చి చాలామంది మొదటిదే పట్టుకొస్తారు. చాలాసార్లు అది నష్టపు బేరం. ఎందుకు నష్టమో తెలియాలంటే ఆ చిప్పుల చరిత్రలోకి కొంచెం వెళ్లాలి.

ముందుగా ఆ వాట్ల అంకె సంగతి. ప్రాసెసర్ వివరాల్లో కంపెనీ రాసేది అది రోజూ తాగే కరెంటు లెక్క కాదు. బరువైన పని మీద ఉన్నప్పుడు పుట్టే వేడి ఎంతో, దాన్ని బయటికి లాగడానికి ఎంత హీట్ సింకు, ఎంత ఫ్యాను కావాలో పెట్టె తయారుచేసేవాడికి చెప్పే అంకె అది. దుకాణంలో కంప్యూటరు రోజులో ఎక్కువసేపు ఖాళీగానే ఉంటుంది. బిల్లుకూ బిల్లుకూ మధ్య, టైపు చేసే అక్షరానికీ అక్షరానికీ మధ్య కూడా ప్రాసెసర్ నిద్రలోకి జారుతుంది. ఆ నిద్రలో 35 వాట్ల చిప్పు 35 వాట్లు తినదు.

తక్కువ కరెంటు చిప్పుల కథ మొదలైంది వేడి భరించలేని రోజుల్లో. 2004 చివర్లో వచ్చిన 3.8 గిగాహెర్ట్జ్ పెంటియం 4కు ఇంటెల్ చెప్పిన అంకె 115 వాట్లు. దాని తర్వాత రావలసిన టేజస్ అనే చిప్పును ఇంటెల్ అదే ఏడాది మధ్యలోనే ఆపేసింది. ఆ పరుగులో కలవకుండా పక్క దారి పట్టింది తైవాన్ కంపెనీ వియా. 1999లో సైరిక్స్, సెంటార్ అనే ప్రాసెసర్ సంస్థలను కొనుక్కుని, 2001లో 17 సెంటీమీటర్ల చదరపు మదర్‌బోర్డు కొలతను ప్రవేశపెట్టింది. ఈనాటికీ చిన్న కంప్యూటర్లకు వాడుతున్న మినీ ఐటీఎక్స్ అదే. దాని మీద 533 మెగాహెర్ట్జ్ ఈడెన్ ప్రాసెసర్ ఫ్యాను లేకుండా నడిచేది. వేగం తక్కువే. కానీ చప్పుడు లేని, చిన్న, చవక కంప్యూటరు సాధ్యమేనని చూపించిన గౌరవం వియాకు దక్కుతుంది.

2008లో ఇంటెల్ ఆటమ్ వచ్చింది. బల్ల మీది కంప్యూటర్ల కోసం తెచ్చిన ఆటమ్ 230కి ఒకే కోరు, 1.6 గిగాహెర్ట్జ్ వేగం, 4 వాట్లు. ఆ అంకె చూసి ప్రపంచం ముచ్చటపడింది. అయితే ఇంటెల్ దాన్ని పెట్టి అమ్మిన డీ945జీసీఎల్ఎఫ్ బోర్డును దగ్గరగా చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. ప్రాసెసర్ మీద చిన్న అల్యూమినియం ముక్క మాత్రమే ఉంది. ఫ్యాను ఉన్నది పక్కనున్న చిప్‌సెట్ మీద. 945జీసీ అనే ఆ పాత చిప్‌సెట్ ఒక్కదానికే 22 వాట్లు! మెమరీని, తెరను చూసుకునే తోడు చిప్పుకు అసలు ప్రాసెసర్ కంటే ఐదింతల వేడి. కొన్నవాడికి పెట్టె మీద కనిపించింది 4, మీటరు తిరిగింది అంతకు ఎన్నో రెట్లకు. పైగా ఆ బోర్డులో ర్యామ్ 2 గిగాబైట్లకు మించి పట్టదు.

ఆటమ్ నెమ్మదికి ఇంకో లోతైన కారణం ఉంది. బ్యాంకు కౌంటరు దగ్గర ముందున్న మనిషి పాసుపుస్తకం కోసం సంచి వెతుక్కుంటుంటే, వెనకవాళ్లందరూ కాగితాలు చేతిలో పట్టుకుని నిలబడాల్సిందే అనుకోండి. తొలి ఆటమ్‌లు ఆదేశాలను అలాగే, వచ్చిన వరుసలోనే పూర్తి చేసేవి. ఒక ఆదేశానికి కావలసిన సమాచారం మెమరీ నుంచి రావడం ఆలస్యమైతే వెనకవన్నీ ఆగేవి. పెద్ద ప్రాసెసర్లు అప్పటికే ఎన్నో ఏళ్లుగా, సిద్ధంగా ఉన్న ఆదేశాన్ని ముందుకు పిలిచి పని చేయించేవి. అలా పిలవడానికి అదనపు సర్క్యూట్లు కావాలి, వాటికి కరెంటు కావాలి. ఇంటెల్ అది వద్దనుకుంది. ఆ నిర్ణయం వల్ల అనుకోని మేలు కూడా ఒకటి జరిగింది. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే భద్రతా లోపాలు బయటపడి ప్రపంచంలోని చాలా ప్రాసెసర్లు వణికినప్పుడు, 2013కు ముందరి ఆటమ్‌లు వాటి బారిన పడలేదు.

చిప్‌సెట్ తప్పును ఇంటెల్ 2010 నాటికి దిద్దుకుంది. ఆటమ్ డీ510, దాని వెనక వచ్చిన డీ525 చిప్పుల్లో మెమరీ నియంత్రణనూ గ్రాఫిక్స్‌నూ లోపలికే తెచ్చింది. రెండు కోర్లకు అన్నీ కలిపి 13 వాట్లు. ఈ అంకె 4 కంటే పెద్దది, కానీ నిజానికి దగ్గరిది. ఆ తర్వాతి డీ2500, డీ2700 చిప్పుల జోలికి మాత్రం వెళ్లకపోవడం మంచిది. వాటిలోని పవర్‌వీఆర్ గ్రాఫిక్స్‌కు 32 బిట్ల విండోస్ 7కు తప్ప సరైన డ్రైవర్లు రాలేదు, లైనక్స్‌లోనూ ఇబ్బందే. నడిచే ప్రాసెసర్, కనిపించని తెర అన్నట్టు తయారైంది వాటి పరిస్థితి.

అసలైన పోటీ 2011 జనవరిలో ఏఎండీ నుంచి వచ్చింది. బాబ్‌క్యాట్ కోర్లతో ఈ-350. 1.6 గిగాహెర్ట్జ్, రెండు కోర్లు, రేడియాన్ గ్రాఫిక్స్‌తో కలిపి 18 వాట్లు. సిద్ధంగా ఉన్న ఆదేశాన్ని ముందుకు పిలిచే పద్ధతి తక్కువ వాట్లలోనూ సాధ్యమేనని ఈ చిప్పు నిరూపించింది. డీ525 తడబడే 1080పీ వీడియో దీని మీద సాఫీగా ఆడేది. ఒక విశేషం చెప్పుకోవాలి. వియా వారి సెంటార్ బృందం, తొలి ఆటమ్‌ను గీసిన ఇంటెల్ బృందం, బాబ్‌క్యాట్‌ను గీసిన ఏఎండీ బృందం, మూడూ అమెరికాలోని ఒకే ఊళ్లో, టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో పనిచేశారు.

2013లో ఇంటెల్ కూడా సిద్ధంగా ఉన్న ఆదేశాన్ని ముందుకు పిలిచే పద్ధతికే మారింది. ఫలితం సెలెరాన్ జె1900. నాలుగు కోర్లు, 22 నానోమీటర్ల తయారీ, 10 వాట్లు. బిల్లింగ్ కౌంటర్ల టచ్ స్క్రీన్ యంత్రాల్లో ఏళ్ల తరబడి నడిచింది ఇదే. 2014 ఏప్రిల్‌లో ఏఎండీ దానికి ఎదురుగా అథ్లాన్ 5350ని నిలిపింది. అందులోని జాగ్వార్ కోర్లే ప్లేస్టేషన్ 4లోనూ ఎక్స్‌బాక్స్ వన్‌లోనూ ఉన్నాయి. 25 వాట్లన్నమాటే గానీ, దీన్ని సాకెట్ నుంచి తీసి మార్చుకోవచ్చు. డిస్కులోని సమాచారాన్ని రహస్య లిపిలో దాచే పనికి జె1900లో లేని ప్రత్యేక సర్క్యూటు కూడా ఇందులో ఉంది. రోగుల రికార్డులు దాచేవాళ్లకు అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు ఆ 35 వాట్ల పెట్టె దగ్గరికి వద్దాం. ఇంటెల్ కోర్ ఐ5-6500టీ, 2015 నాటిది. చివర 'టీ' అక్షరం ఉన్న ఇలాంటివి మామూలు డెస్క్‌టాప్ చిప్పులే, సాధారణంగా 65 వాట్లకు బదులు 35 దగ్గర కళ్లెం వేసినవి. లెనోవో టైనీ, డెల్ మైక్రో, హెచ్‌పీ మినీ పెట్టెల్లో ఇవి పెద్ద ఆఫీసులకు వెళ్లి, అక్కడ పని ముగించుకుని మన బజార్లకు వస్తున్నాయి. ఒక్కో కోరు వేగంలోనే జె1900 కంటే మూడింతల దాకా ముందుంటుంది ఈ చిప్పు. పని వేగంగా ముగించి తొందరగా నిద్రపోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు పెట్టె మొత్తం 10 వాట్లకు అటూ ఇటూగా తీసుకుంటుంది. 10 వాట్ల సెలెరాన్ పెట్టెతో పోలిస్తే ఆ స్థితిలో తేడా సాధారణంగా ఐదారు వాట్లకు మించదు.

ఆ తేడా ఎంత ఖర్చు? రోజుకు పది గంటల చొప్పున, ఏడాదికి 300 పనిదినాలు లెక్కేస్తే 3,000 గంటలు. 6 వాట్ల తేడాకు 18 యూనిట్లు. 75 వాట్ల సీలింగ్ ఫ్యాను పది రోజులు ఆగకుండా తిరిగితే అయ్యేంత. ఆ కాస్త ఆదా కోసం ఏడాది పొడవునా ప్రతి బిల్లు దగ్గరా ఖాతాదారును నిలబెట్టడం తెలివైన లెక్క కాదు.

అలాగని సెలెరాన్‌లు పనికిరానివి కావు. రాత్రీపగలూ ఆగకుండా ఫైళ్లు పంచే యంత్రానికి, సీసీ కెమెరాల రికార్డింగుకు వాటిది సరైన స్థానమే. గుంటూరు మిర్చి యార్డు పక్కన దుకాణం ఉన్నవాళ్లకు ఫ్యాను లేని పెట్టె నిజంగా వరం. దుమ్ము లోపలికి పోదు. అయితే మే నెలలో రెంటచింతల లాంటి చోట, గది గాలే కాగిపోతుంటే, ఫ్యాను లేని పెట్టెను అల్మరాలో మూసిపెట్టకూడదు. వేడి ఎక్కితే చిప్పు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

వీడియో విషయంలో కొత్త సెలెరాన్‌దే పైచేయి. యూట్యూబ్ ఎక్కువగా పంపే వీపీ9 వీడియోను విప్పే ప్రత్యేక సర్క్యూటు జె1900లో లేదు, 6500టీలో అరకొరగా ఉంది, 2017 చివర్లో వచ్చిన సెలెరాన్ జె4105లో పూర్తిగా ఉంది. గోడ మీది టీవీకి తగిలించే పెట్టెకు జె4105 చాలు. మధ్యలో వచ్చిన జె3455ను సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు కాస్త ఆలోచించాలి. ఆ కుటుంబపు చిప్పుల్లో కొన్ని అంతర్గత సిగ్నళ్లు ఏళ్ల వాడకంలో బలహీనపడవచ్చని 2019లో ఇంటెల్లే ప్రకటించి, సవరించిన చిప్పులు విడుదల చేసింది.

విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారిక జాబితాలో 6500టీ లేదు, జె3455 లేదు. జె4105 ఉంది, ఆరు కోర్ల ఐ5-8500టీ ఉంది. ట్యాలీ మీద లెక్కలు నడిపే దుకాణానికి ఈ ఒక్క మాటే నిర్ణయం మార్చేస్తుంది. లైనక్స్ వాడటానికి సిద్ధపడిన బడికో, గ్రంథాలయానికో 6500టీ ఇంకా ఎన్నో ఏళ్లు పనికొస్తుంది.

ఈ పాతవాటన్నిటిలో, మామూలు దుకాణానికి, ఇంటికి తగినది 8500టీ. జె4105 పెట్టె ధర, 2023లో వచ్చిన 6 వాట్ల ఎన్100 కొత్త పెట్టె ధరకు దగ్గరగా ఉంటే ఆలోచించకుండా ఎన్100 కొనండి. ఆటమ్ 230, డీ525 పెట్టెలు ఎంత చవకగా ఇచ్చినా వద్దు. కొనబోయేముందు అమ్మేవాళ్లను ప్రాసెసర్ పూర్తి పేరు, చివరి అక్షరంతో సహా అడగండి. "ఐ5" అంటే సరిపోదు, అది ఏ తరమో తెలియాలి. ప్లగ్గుకూ అడాప్టరుకూ మధ్య పెట్టే వాట్ మీటరు వెంట తీసుకెళ్లి, పెట్టె ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, వీడియో ఆడుతున్నప్పుడు ఒకసారి కొలిచి, ఆ రెండు అంకెలు చూశాకే డబ్బు చేతికివ్వండి.