మేగ్నస్ వంశం: ఒక తల్లి కట్టుకున్న లోకం



ఈ పూట ఒక రాజకుటుంబం గురించి చెప్పుకుందాం. రాజు పేరు మాగ్నెటో, మరో పేరు మేగ్నస్. చెయ్యి తగలకుండానే ఇనుమును వంచుతాడు, ఎత్తుతాడు, విసురుతాడు. కొడుకు పియెట్రో కంటికి కనిపించనంత వేగంగా పరుగెత్తుతాడు. అతని కవల వాండా మనసులో అనుకుంటే ఎదుట ఉన్నది ఉన్నట్టుండదు. ఇంకో కూతురు లోర్నాకు తండ్రి విద్యే వచ్చింది. వీళ్ల రాజ్యం జెనోషా అనే ద్వీపం, మడగాస్కర్ దాపున ఉన్నట్టు రచయితలు కల్పించిన చోటు. అమెరికాలో మార్వెల్ సంస్థ 2005లో ఎనిమిది సంచికలుగా వేసిన 'హౌస్ ఆఫ్ ఎం' అనే బొమ్మల కథలో వీళ్లు లోకాన్ని ఏలతారు. కథ రాసినవారు బ్రయాన్ మైకేల్ బెండిస్, బొమ్మలు వేసినవారు ఫ్రాన్స్ చిత్రకారుడు ఒలివియే క్వాపెల్.

ఈ కథ ఎత్తితే చాలామంది వాండాను తప్పు పడతారు. శక్తి మితిమీరి మతి చెడి లోకాన్ని తలకిందులు చేసిందంటారు. ఆ మాట నాకు మింగుడుపడదు. ఆ మనిషికి అంతకు ముందు నలభై ఏళ్లపాటు ఏం జరిగిందో తెలిసినవాళ్లు అలా అనలేరు. అందుకే మొదటినుంచీ చెబుతాను, కాస్త ఓపిగ్గా వినండి.

1963లో స్టాన్ లీ, జాక్ కర్బీ కలిసి 'ఎక్స్‌మెన్' అనే బొమ్మల కథ మొదలుపెట్టారు. ఇద్దరూ న్యూయార్క్‌లో వలస వచ్చిన యూదు కుటుంబాల్లో పుట్టినవాళ్లు. పుట్టుకతోనే వింత శక్తులున్న మనుషులను వాళ్లు మ్యూటెంట్లు అన్నారు. మామూలు జనానికి వీళ్లంటే భయం, అసహ్యం. 1964లో వచ్చిన నాలుగో సంచికలో పియెట్రో, వాండా తొలిసారి కనిపిస్తారు. మంత్రగత్తె అని ఊరి జనం వాండా ప్రాణం తియ్యబోతే మాగ్నెటో అడ్డుపడ్డాడు. ఆ రుణం కొద్దీ ఇద్దరూ అతని ముఠాలో, ఇష్టం లేకపోయినా, పడి ఉన్నారు. అతనే కన్నతండ్రి అన్న ఊహ అప్పటికి రచయితలకే లేదు. మరుసటి ఏడు ఇద్దరూ ఆ నీడ వదిలించుకుని వీరుల దళమైన అవెంజర్స్‌లో చేరారు. వాళ్లతోపాటే చేరినవాడు విలుకాడు హాకై. ఈ పేరు గుర్తుంచుకోండి.

వాండా విజన్‌ను ప్రేమించింది. విజన్ తల్లి కడుపున పుట్టినవాడు కాదు, తయారుచేసిన మనిషి. అతనికి మనసుందా అని తోటివాళ్లే సందేహపడ్డారు. యంత్రాన్ని పెళ్లాడతావా అని పియెట్రో మండిపడ్డాడు. అయినా 1975లో రచయిత స్టీవ్ ఎంగిల్‌హార్ట్ వాళ్ల పెళ్లి జరిపించాడు. 1985లో మొదలై పన్నెండు సంచికలు నడిచిన మరో కథలో ఆయనే వాళ్ల న్యూజెర్సీ కాపురాన్ని రాశాడు. చివరి సంచికలో కవల మగపిల్లలు పుట్టారు, థామస్, విలియం అని పేర్లు పెట్టుకున్నారు. బిడ్డల్ని కనే వీలు లేని జంటకు మంత్రశక్తి వల్ల కలిగిన సంతానం అది. దుష్టుల్ని చితగ్గొట్టే కథల మధ్య కడుపుతో ఉన్న ఇల్లాలి నెలల్ని అంత ఓపికగా రాసిన మరో సూపర్‌హీరో కథ నేను చూడలేదు.

ఈలోగా 1983 నాటికి మరో రచయిత బిల్ మాంట్లో పాత ముడి విప్పాడు: మాగ్నెటోయే వాళ్ల తండ్రి. తమను వాడుకుని హింసించినవాడు తండ్రి అని తెలియడం ఆ ఇద్దరికీ ఊరట ఏమీ కాదు.

మాగ్నెటో గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. మొదట్లో అతను లోకాన్ని ఏలాలనుకునే సాదా దుర్మార్గుడు. 1981లో క్రిస్ క్లేర్‌మాంట్ అతనికి గతం ఇచ్చాడు. నాజీల ఆష్విట్స్ శిబిరంలో పెరిగిన పిల్లవాడు, కుటుంబమంతా అక్కడే పోయింది. మనవాళ్లను మళ్లీ అలా చంపనివ్వను అన్న పట్టుదల అతని చేత ఘోరాలు చేయించింది. జెనోషాను సృష్టించింది కూడా క్లేర్‌మాంటే, 1988లో. అక్కడ మ్యూటెంట్లను బానిసలుగా చేసి పని చేయించుకునేవాళ్లు. ఆ కాలపు దక్షిణాఫ్రికా వర్ణవివక్ష ఆ పుటల్లో తెలిసిపోతూనే ఉంటుంది. తరవాతి కథల్లో ఆ ద్వీపం మాగ్నెటో ఏలుబడిలోకి వచ్చి మ్యూటెంట్ల సొంత దేశమైంది. 2001లో గ్రాంట్ మోరిసన్ రాసిన కథలో ఒక్క పూటలో అక్కడ కోటీ అరవై లక్షలమంది చచ్చిపోయారు.

మళ్లీ వాండా దగ్గరికి వద్దాం. 1989లో జాన్ బర్న్ కథ చేపట్టాడు. ముందు విజన్‌ను ఊడదీయించాడు. తిరిగి అమర్చాక తెల్లగా పాలిపోయి, భార్యను చూసినా ఏమీ అనిపించని మనిషిగా వచ్చాడు. ఆ తరవాత పిల్లలు. వాళ్లు నిజమైన పిల్లలే కాదని, మెఫిస్టో అనే పిశాచరాజు ఆత్మలోంచి తెగిపడిన ముక్కలని తేల్చాడు. మెఫిస్టో వాళ్లను తనలోకి లాగేసుకున్నాడు. ఆ దుఃఖం భరించలేదని వాండా గురువు అగాథా హార్క్‌నెస్ ఆమె తలలోంచి పిల్లల జ్ఞాపకాన్నే తుడిచేసింది.

ఈ ఒక్క పని దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. బిడ్డలు పోయిన తల్లికి ఏడవడానికి కూడా హక్కు లేకుండా చేశారు. తోటి వీరులందరికీ సంగతి తెలుసు. ఎవరూ ఆమెకు చెప్పలేదు. పదిహేనేళ్లపాటు ఆ మౌనం సాగింది. 2004లో బెండిస్ ఆ మౌనాన్నే కథ చేశాడు. ఒక స్నేహితురాలు మాటల్లో నోరుజారి పిల్లల ఊసెత్తింది. వాండాలో అణగి ఉన్నదంతా ఒక్కసారిగా పైకి వచ్చింది. అవెంజర్స్ భవనం కూలింది, విజన్ పోయాడు, హాకై పోయాడు. ఒళ్లు తెలియకుండా పడి ఉన్న వాండాను మాగ్నెటో చేతుల్లోకి ఎత్తుకుని తీసుకుపోయాడు.

'హౌస్ ఆఫ్ ఎం' అక్కడ అందుకుంటుంది. జెనోషా శిథిలాల మధ్య వాండా ఉంది. ఎక్స్‌మెన్ గురువు ప్రొఫెసర్ జేవియర్ ఆమెను బాగుచెయ్యలేక చేతులెత్తేశాడు. న్యూయార్క్‌లో వీరులంతా సమావేశమయ్యారు, ఈమెను ఏం చెయ్యాలి అని. చంపెయ్యడమే దారి అన్న మాట అక్కడ పైకే వచ్చింది. కెప్టెన్ అమెరికా ససేమిరా అన్నాడు. తేలక, ఒకసారి ఆమెను చూద్దామని బయలుదేరారు. జెనోషాలో దిగారు. తెల్లటి వెలుగు కమ్మింది. అంతే, లోకం మారిపోయింది.

ఇప్పుడు ఏలేది మ్యూటెంట్లు, అణిగిమణిగి బతికేది మామూలు మనుషులు. మేగ్నస్ వంశం సింహాసనం మీద ఉంది. వాండా అక్కడ ఏ శక్తీ లేని రాకుమారి, ఇద్దరు పిల్లల తల్లి, అంతే. ఆమె కోరుకున్నది అంతకుమించి లేదు. మిగతా వీరులకూ ఎవరి కోరిక వాళ్లకు తీరింది. స్పైడర్‌మ్యాన్ పీటర్ పార్కర్ సంగతి చూడండి. అతని తొలిప్రేమ గ్వెన్ స్టేసీ 1973 నాటి సంచికలో చచ్చిపోయింది. ఇక్కడ ఆమె అతని భార్య. వాళ్లకో చిన్న కొడుకు. ఎప్పుడో 1962లో హత్యకు గురైన బెన్ బాబాయి కూడా బతికే ఉన్నాడు.

ఎక్స్‌మెన్ దళంలోని వుల్వరిన్ కోరిక మాత్రం వేరు. పోగొట్టుకున్న జ్ఞాపకాలన్నీ కావాలన్నది అతని కోరిక. ఆ వరమే ఈ లోకానికి గండి కొట్టింది. ఆకాశంలో తేలే ఓడలో నిద్రలేచేసరికి అతనికి రెండు లోకాలూ గుర్తున్నాయి. ఉన్నపళాన ఓడ మీంచి కిందికి దూకేశాడు. కింద ల్యూక్ కేజ్ నడుపుతున్న తిరుగుబాటు దళం, వాళ్ల దగ్గర లేలా మిల్లర్ అనే చిన్నపిల్ల దొరికారు. ఆ పిల్ల చూపిస్తే ఎవరికైనా అసలు లోకం గుర్తుకొస్తుంది. అలా ఒక్కొక్కరినీ లేపుకుంటూ పోయారు. పీటర్‌కు గుర్తొచ్చిన ఘట్టం చదివితే గుండె బరువెక్కుతుంది. తన కొడుకు తనకు పుట్టనే లేదని ఒక తండ్రికి తెలిసే క్షణం అది. అతని కోపం చల్లారదు, చల్లారాలని కోరే అర్హతా మనకు లేదు.

అందరూ కలిసి జెనోషా కోట మీద పడ్డారు. దేశదేశాల ప్రభువులు వచ్చిన వేడుక జరుగుతోంది అక్కడ. కోట తోటలో జేవియర్ పేరున ఒక స్మారకం ఉంది. ఎక్స్‌మెన్ దళంలోని ఎమ్మా ఫ్రాస్ట్ దాన్ని చూసి జేవియర్ చనిపోయాడనుకుని కుంగిపోయింది. నీడలోంచి ఎక్కడికైనా చొరబడగల క్లోక్ మట్టి కిందికి దిగి చూశాడు. సమాధిలో శవం లేదు. జేవియర్ ఏమయ్యాడన్నది కథ ముగిసినా తేలదు.

ఒకవైపు యుద్ధం జరుగుతుంటే, మాంత్రికుడు డాక్టర్ స్ట్రేంజ్ ఒంటరిగా వాండా గదికి వెళ్లాడు. కొట్టడానికి కాదు, అడగడానికి. ఈ పని చేయించింది మీ నాన్నా అని అడిగాడు. అప్పటిదాకా కథలో వాళ్లూ, చదివే మనమూ అలాగే అనుకున్నాం. కాదు. పియెట్రో. నిన్ను చంపడానికి వస్తున్నారని చెల్లెలికి చెప్పినవాడు అతనే. అందరి కోరికా తీర్చేలా లోకాన్ని మార్చెయ్యి, అప్పుడెవరూ నీ జోలికి రారు అని నచ్చజెప్పినవాడూ అతనే. తండ్రికి రాజ్యం కట్టబెట్టాడు, తండ్రిని అడగకుండా.

ద్రోహం అంటే ఇది. పియెట్రోకు చెల్లెలి మీద ప్రేమ లేదనను. చంపుతామన్న మాట నిజంగానే పుట్టింది కాబట్టి అతని భయానికీ కారణముంది. కానీ మనసు చెదిరి ఉన్న మనిషి చెవిలో భయం పోసి, ఆమె శక్తితో తన కలను కట్టించుకున్నాడు. లేలా వల్ల మెలకువ వచ్చిన మాగ్నెటోకు సంగతి తెలిసింది. తన పేరు మీద ఇంత పని జరిగిందని రగిలిపోయి కొడుకును చంపేశాడు. వాండా అన్నను బతికించింది. తరవాత తండ్రి వైపు తిరిగింది. బిడ్డలకన్నా జాతే ముఖ్యమనుకుని మమ్మల్ని ఇలా చేశావని నిలదీసింది. మ్యూటెంట్లన్నవాళ్లే ఇక ఉండకూడదని ఒక్క ముక్క అంది. మరుసటి ఉదయానికి లోకం పాతదే, కానీ లక్షలాదిమంది మ్యూటెంట్లు మామూలు మనుషులైపోయారు. కోటలో రాజుగా ఉన్న మాగ్నెటో శక్తి పోయిన ముసలివాడయ్యాడు. శక్తులు మిగిలినవాళ్లు రెండు వందలమందికి లోపే.

హాకై సంగతి మిగిలిపోయింది. మారిన లోకంలో వాండా అతన్ని బతికించింది. తనను చంపి మళ్లీ బతికించినదెవరో తెలిశాక అతను ఆమె మీద బాణం వేశాడు. ఆమె బిడ్డలు అతన్ని లేకుండా చేశారు. పాత స్నేహితుడు రెండోసారి పోయాడు. ఆ రోజు వాండా చేతుల మీదుగా జరిగిన నష్టం చిన్నది కాదు, దాన్ని కప్పిపుచ్చను. దాని భారమంతా ఒక్క ఆమె నెత్తిన పెట్టడమే అన్యాయం అంటున్నాను.

ఆ తరవాతి రచయితలు కొంత దిద్దారు. 2005లోనే అలన్ హైన్‌బర్గ్, జిమ్ చంగ్ మొదలుపెట్టిన 'యంగ్ అవెంజర్స్'లో ఇద్దరు కుర్రాళ్లు వస్తారు. వాళ్లు పోయిన కవలలేనని, వేరే ఇళ్లలో మళ్లీ పుట్టారని కథ ముందుకు వెళ్లేకొద్దీ తెలుస్తుంది. 2012లో వాండా, హోప్ అనే అమ్మాయి కలిసి మ్యూటెంట్లను తిరిగి రప్పించారు. 2014లో మాగ్నెటో వాండా, పియెట్రోల తండ్రే కాదని మరో రచయిత కొట్టిపారేశాడు. ముప్పై ఏళ్ల బంధాన్ని అంత తేలిగ్గా తెంపడం నాకు నచ్చలేదు.

2021లో వచ్చిన 'వాండావిజన్' ధారావాహిక ఈ కథ ఎముకల మీదే నిలబడింది. తొమ్మిది భాగాలు. విజన్‌ను పోగొట్టుకున్న వాండా న్యూజెర్సీలోని వెస్ట్‌వ్యూ అనే ఊరినంతా తన కాపురంగా మార్చేస్తుంది. ఇక్కడ మెచ్చుకోదగ్గది ఒకటుంది: ఆ ఊరి జనం ఆమె కలలో బందీలై ఎంత నరకం పడ్డారో చూపించారు, చూపిస్తూనే ఆమెను పిచ్చిదని తోసెయ్యలేదు. 2022లో తెలుగులోనూ విడుదలైన డాక్టర్ స్ట్రేంజ్ రెండో సినిమాలో ఆమె వేరే విశ్వంలోని పిల్లల కోసం ఎంతకైనా తెగిస్తుంది. మన థియేటర్లలో చాలామంది ఆమెను ఆ సినిమాతోనే విలన్‌గా ఎరుగుదురు.

ఆ సినిమా చూసి ఆమె మీద కోపం తెచ్చుకున్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే, 'హౌస్ ఆఫ్ ఎం' కన్నా ముందు 1985 నాటి పన్నెండు సంచికలు వాళ్ల చేతికివ్వండి. పుస్తక రూపంలో దొరుకుతాయి. కవలలు పుట్టిన కథ చదివి, ఆ తరవాతే లోకం మారిన కథకు రమ్మనండి.