కాశ్మీర లోయ – ఒకే తూము గల చెరువు

(మన సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగము)

 

మెట్రిక్ చదివిన రైల్వే గుమాస్తాను. నాకు తెలిసిన నాలుగు మాటలు మనవి చేస్తాను. మనము ఉగాది పచ్చడి తినే ఈ చైత్ర శుద్ధ పాడ్యమినాడే కాశ్మీర పండితులు 'నవ్‌రేహ్' అనే పేర సంవత్సరాది జరుపుకొంటారు. వారి లోయను గురించి నేడు ముచ్చటించుకొందాము.

ఆ లోయ సుమారు 135 కిలోమీటర్ల పొడవు, 32 కిలోమీటర్ల వెడల్పు గల పళ్ళెము. నైరృతిన పీర్ పంజాల్ కొండలు, ఈశాన్యమున మహా హిమాలయములు దాని అంచులు. అడుగున నున్న శ్రీనగరమే సముద్రమట్టమునకు 1,585 మీటర్ల ఎత్తున ఉన్నది. పీర్ పంజాల్ పైకి లేచి నీటిదారి మూయగా పూర్వమిక్కడ పెద్ద సరస్సు నిలిచినదనీ, తరువాత బారాముల్లా వద్ద నీరు కొండను కోసుకొని పోయినదనీ భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. నీలమత పురాణములోనూ ఇటువంటి కథయే కలదు. ఆ సరస్సు అడుగున పేరుకొన్న మట్టి మెట్టలే 'కరేవాలు'. పాంపూరు కుంకుమపువ్వు పండేది వాటిమీదనే.

మన పైరులకు ప్రాణమైన నైరృతి ఋతుపవనమును పీర్ పంజాల్ చాలవరకు ఆపివేస్తుంది. అక్కడి మంచు, వాన ఎక్కువగా చలికాలమున, వసంతమున పడమటి నుండి వస్తాయి. డిసెంబరు 21 మొదలు 40 రోజుల గడ్డుచలిని 'చిల్లై కలాన్' అంటారు. కొండలనుండి దిగిన చల్లగాలి పళ్ళెములో నీరువలె అడుగున నిలిచిపోతుంది.

ఇక అసలు సంగతి. లోయలోని నీరు జీలం నదిలో చేరి, వులర్ సరస్సు మీదుగా బారాముల్లా వద్ద ఒక్కచోటనే బయటపడవలెను. మన పెద్దలు విడిచి వచ్చిన పల్లెలలో చెరువు తూము పూడితే ఏమయ్యేదో మీకు తెలియనిది కాదు. 9వ శతాబ్దములో, అవంతివర్మ కాలమున, సుయ్యుడనే బుద్ధిశాలి నదిలో నాణెములు విసరినాడట. వాటికై కరవుతో నున్న జనులు దిగి, అడ్డుగా నున్న రాళ్ళన్నీ తీసివేసినారట. కల్హణుడు రాజతరంగిణిలో చెప్పిన కథ ఇది. సోపూరుకు ఆ సుయ్యుని పేరే వచ్చినది.

తరువాతి కాలమున వరదనీరు నిలిచే పల్లపు నేలలు పూడ్చి ఇండ్లు కట్టినారు. 2014 సెప్టెంబరులో ఎడతెగని వానలు కురియగా శ్రీనగరము రోజుల తరబడి నీట మునిగినది.

రైల్వేవాడను కనుక ఒక్కమాట. 2013లో బనిహాల్ వద్ద 11 కిలోమీటర్ల సొరంగము, 2025 జూన్‌లో చీనాబు నదిపై 359 మీటర్ల ఎత్తున వంతెన తెరిచినారు. మనుష్యులకు కొండలో కొత్తదారి పడినది. నీటికి మాత్రము ఆ పాతదారి ఒక్కటే. రైలెక్కి పూలతోటలు చూడబోయే మనవారు బారాముల్లా కూడ చూచి రావలెనని కోరుచున్నాను.