కౌలుదారు చేతికి ఒక కాగితం



ఈ పూట ఎరువులూ, పురుగుమందులూ కాస్త పక్కనబెట్టి, ఒక కాగితం సంగతి మాట్లాడుకుందాం. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినది. కోతకు వచ్చిన వరి నేలకొరిగినది. కోసిన పనలు నీళ్ళలో తేలినవి. నష్టం రాసుకునే వేళ మొట్టమొదట వచ్చే ప్రశ్న ఏమిటి? ఈ పొలం ఎవరి పేరున ఉన్నదీ అని. దున్ని, నాటి, కలుపు తీయించినవాడు గట్టుమీదనే నిలబడి ఉన్నాడు. పేరు మాత్రం పట్నంలో ఉన్నవారిది. పంట పోయింది కౌలుదారుకు. అప్పూ అతనిదే, ఇవ్వవలసిన కౌలు బస్తాలూ అతనివే.

కౌలుదారుకు చట్టం లేదనుకోకండి. తెలంగాణ ప్రాంతానికి 1950లోనే వచ్చినది. ఆంధ్ర ప్రాంతానికి 1956లో వచ్చినది. 1974లో దానిని సవరించి, కౌలు ఆరేళ్ళకు తక్కువ ఉండరాదన్నారు. పొలం అమ్మితే ముందు కౌలుదారునే అడగాలన్నారు. మంచి మాటలే! అయితే పొలం గలవారికి భయం పట్టుకున్నది. కాగితం రాస్తే పొలం పోతుందేమోనని నోటిమాట మీదనే కౌలుకు ఇవ్వసాగారు. రక్షణకని పెట్టిన చట్టమే కాగితాన్ని మాయం చేసినది. ఇది నా అభిప్రాయం సుమండీ, కాని ఏ ఊరి రచ్చబండ దగ్గర అడిగినా ఇదే చెబుతారు.

ఆ భయం తీర్చడానికి 2011లో ఒక చట్టం చేసి, కౌలుదారులకు ఏడాది గడువుతో రుణ అర్హత కార్డులు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో దాని స్థానంలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చినది. దీనికింద ఇచ్చే కార్డు గడువు 11 నెలలు. పొలం గలవారూ, కౌలుదారూ ఒప్పంద పత్రం మీద సంతకాలు చేయవలె. గ్రామ రెవిన్యూ అధికారి దగ్గర ఆ పని జరుగుతుంది. కార్డు ఉంటే పంట రుణానికీ, పంటల బీమాకూ, నష్టపరిహారానికీ, ధాన్యం అమ్ముకోవడానికీ ఆధారం దొరుకుతుంది. హక్కు పంట మీదనే, భూమి మీద కాదు. ఈ ఒక్క ముక్క పొలం గలవారి చెవిన పడాలి.

"బాబాయిగారూ, ఈ కాగితం మీద ఒక్క సంతకం పెట్టండి."

"పెడితే రేపు నా పొలం నాకు వస్తుందటోయ్?"

"పొలం మీదే. ఇది పదకొండు నెలలే, పంటకే. కావాలంటే వి.ఆర్.ఓ. గారిని అడుగుదాం రండి."

ఇలా అడగవలె. అదీ కౌలు కుదుర్చుకునే రోజునే అడగవలె. నాట్లు పడ్డాక అడిగితే మీ మాటకు బలం తక్కువ. ఇంకొకటి: ఆ పొలం మీద ఆయన ముందే పంట రుణం తీసుకున్నాడేమో కనుక్కోండి. ఒకే ఎకరం మీద రెండోసారి రుణం ఇవ్వడానికి బ్యాంకువారు ఒప్పుకోరు.

ఆయన సంతకం పెట్టనన్నాడనుకోండి. నిజం చెప్పాలంటే చాలాచోట్ల జరిగేది అదే, చట్టంలో ఉన్న పెద్ద లొసుగూ అదే. అప్పుడు చేతులు ముడుచుకు కూర్చోవద్దు. నలుగురు మొదలు పదిమంది వరకు కలిసి ఉమ్మడి పూచీ సంఘం కట్టుకోండి. ఒకరికొకరు పూచీ ఉంటే పొలం తాకట్టు అక్కరలేకుండా రుణం ఇచ్చే పద్ధతి ఇది. నాబార్డు ప్రోత్సహిస్తున్నది. 2025 జనవరి 1 నుంచి రైతుకు రెండు లక్షల రూపాయల వరకు రుణానికి తాకట్టు అడగరాదని రిజర్వు బ్యాంకు కూడా చెప్పి ఉన్నది. పంట వేయగానే రైతు సేవా కేంద్రానికి వెళ్ళి ఈ-పంటలో సాగుదారుగా మీ పేరు ఎక్కించమని అడగండి. జాబితా ఊళ్ళో పెట్టిననాడు వెళ్ళి కళ్ళారా చూసుకోండి. కౌలు బస్తాలు కొలిచి ఇచ్చిన ప్రతిసారీ రశీదు అడగండి. రశీదు ఇవ్వకపోతే ఇద్దరు సాక్షుల ఎదుట కొలవండి.

తెలంగాణ సోదరులకు ఒక మాట. 2018లో మొదలైన రైతుబంధు సొమ్ము పట్టాదారు పేరుననే వచ్చినది, కౌలుదారుకు అందులో చోటు లేకపోయినది. కనుక అక్కడ సంఘాలూ, సాక్ష్యాలూ మరింత అవసరం.

తగాదా వస్తే వకీలు ఫీజుకు భయపడనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకూ, షెడ్యూల్డు కులాలు, తెగలవారికీ, తక్కువ ఆదాయం గలవారికీ ఉచితంగా వకీలును ఇస్తారు. వరద బాధితులకూ ఇస్తారు, ఇది చాలామందికి తెలియదు. కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవా కమిటీని అడగండి, లేదా 15100కు ఫోను చేయండి.

గ్రామాల్లో తిరిగే వ్యవసాయ సిబ్బందికి ఒక మనవి. పొలం గట్టున కనబడినవాడిని "పంట ఎలా ఉంది?" అని అడిగేటప్పుడు, "కార్డు తీసుకున్నావా?" అని కూడా అడగండి. నిరుడు తీసుకున్నామంటే చాలదు. పదకొండు నెలలు ఇట్టే గడిచిపోతాయి. సార్వా నారుమడి దున్నేనాటికి కొత్త కార్డు చేతిలో ఉండాలి.

సెలవు.